సముద్రపు జమాఖర్చు

జమ, ఖర్చు, బాకీ – ఈ మూడు మాటలు ఉర్దూ చదివిన విద్యార్థికీ, తెలుగు చదివిన విద్యార్థికీ సమానంగా తెలిసినవే. అరబ్బీ, పారశీక భాషలలో పుట్టి, కచేరీల ద్వారా, కరణాల చిట్టాల ద్వారా, వర్తకుల పుస్తకాల ద్వారా ఇవి మన రెండు భాషలలోనూ స్థిరపడినవి. ఇంటి లెక్క అయినా, అంగడి లెక్క అయినా, ప్రభుత్వపు లెక్క అయినా ఈ మూడింటితోనే నడుస్తుంది. అయితే మన ఊళ్లకు అతి సమీపంలో ఉండి, లక్షలాది జనుల జీవనానికి ఆధారమై కూడా, సరియైన జమాఖర్చు పుస్తకం లేని ఆస్తి ఒకటి ఉన్నది. అది మన బంగాళాఖాతం.

ఆ పుస్తకాన్ని వ్రాయడానికి పూనుకొన్న శాస్త్రం పర్యావరణ అర్థశాస్త్రం. దానిలో సముద్రానికి సంబంధించిన శాఖ ఇటీవలి దశాబ్దాలలో విశేషంగా పెరిగినది. సముద్ర శాస్త్రజ్ఞుడు నీటి ఉష్ణోగ్రతను, లవణీయతను, ప్రవాహాలను కొలుస్తాడు. జీవశాస్త్రజ్ఞుడు చేపల జాతులను, వాటి పెరుగుదలను పరిశీలిస్తాడు. అర్థశాస్త్రజ్ఞుడు వేసే ప్రశ్నలు వేరు. ఈ సంపద నుండి లాభం పొందుతున్నదెవరు? నష్టం భరిస్తున్నదెవరు? ఈ వాడకం ఎంత కాలం సాగగలదు? ధర లేని వస్తువును లెక్కలో ఎట్లు చేర్చాలి? ఈ నాలుగు ప్రశ్నలే ఆ శాస్త్రానికి ప్రాణం. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల విద్యార్థులకు ఈ ప్రశ్నలు ఎందుకు ముఖ్యమో వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

తెనాలి సముద్రతీరపు పట్టణం కాదు కదా అని కొందరు సందేహించవచ్చు. కాని నీటి దారి వెంట నడిచి చూస్తే ఆ సందేహం తీరుతుంది. ప్రకాశం బ్యారేజీ నుండి పశ్చిమ డెల్టాకు వచ్చిన కృష్ణ నీరు తెనాలి గుండా పారి, పొలాలను తడిపి, మిగిలినది మురుగు కాలువలలో చేరి, చివరకు రేపల్లె, బాపట్ల తీరాలలో సముద్రంలో కలుస్తుంది. పొలంలో వేసిన ఎరువు, చల్లిన మందు, పట్టణం విడిచిన మురుగు – అన్నింటికీ చివరి మజిలీ అదే. కాబట్టి తెనాలి పొలంలో జరిగే పనికి నిజాంపట్నం జాలరి వలలో ఫలితం కనిపించవచ్చు. సముద్రపు లెక్కలో తెనాలికి కూడా ఒక పద్దు ఉన్నది.

రేపల్లె దాటి దక్షిణంగా వెళితే వచ్చే నిజాంపట్నం చరిత్రలో పేరెన్నిక గన్న రేవు. పెటపోలి అనే పేరుతో విదేశీ వర్తకులకు పరిచితమైన ఆ రేవుకు 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారి ‘గ్లోబ్’ అనే ఓడ వచ్చినది. ఆనాడు విదేశీయులు వెదకినది వస్త్రాలను. నేడు ఈ తీరం నుండి విదేశాలకు వెళ్లేది రొయ్య. సరుకు మారినది, దూరదేశపు ధర మన తీరపు బ్రతుకును శాసించడం మాత్రం మారలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు కోస్తా జిల్లాల రొయ్యల చెరువుల గట్లపై కలిగిన ఆందోళన ఈ సంగతిని మరల ఋజువు చేసినది.

మొదట జమ సంగతి

సముద్రం మనకు ఇచ్చేదేమిటి అని అడిగితే అందరూ చేపలు, రొయ్యలు అంటారు. చందువ, వంజరం, కానాగంత, సావడాయి, పీత – ఇవి బజారుకు వస్తాయి, ధర పలుకుతాయి, లెక్కలో చేరుతాయి. బజారుకు రానివి, అందుచేత లెక్కకు ఎక్కనివి ఇంకెన్నో ఉన్నవి. వాటిలో ప్రధానమైనవి మడ అడవులు.

కృష్ణానది సముద్రంలో కలిసే చోట, ఉప్పునీరు మంచినీరు కలిసే బురద నేలలలో పెరిగే అడవులివి. తెల్ల మడ, నల్ల మడ, తిల్ల, ఉప్పు పొన్న మొదలైన చెట్లు వీటిలో ఉంటాయి. ఈ అడవులలో కొంత భాగం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా సుమారు 195 చదరపు కిలోమీటర్ల మేర రక్షింపబడుతున్నది. నదికి ఇరువైపులా, అటు దివిసీమలోనూ, ఇటు రేపల్లె వైపునా, నిజాంపట్నం పరిసరాలలోనూ మడచెట్లు కనిపిస్తాయి. చూచేవారికి అవి బురదలో పెరిగిన పొదలు. పూర్వం కొలతగాండ్ర దృష్టిలో అవి పనికిరాని బంజరు. కట్టెకు తప్ప వాటికి ధర లేదు.

అయితే ఆ పొదలు చేసే పనులను ఒక్కొక్కటిగా పరిశీలించండి. అనేక జాతుల చేపలు, రొయ్యలు పిల్లదశలో ఈ వేళ్ల మధ్యనే తలదాచుకొని, మేత మేసి, పెద్దవై సముద్రంలోనికి పోతాయి. మండపీతలు ఈ బురదలోనే పెరుగుతాయి. కనుక నడిసముద్రంలో పడిన వలలోని సరుకులో కొంత భాగం మడ అడవి పెంచిన పంట. రెండవది, ఆ వేళ్లు నది తెచ్చిన ఒండ్రును పట్టి నిలుపుతాయి. నేల కోసుకొనిపోకుండా కాపాడుతాయి. మూడవది, గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, దాని కర్బనాన్ని బురదలో దీర్ఘకాలం దాచి ఉంచుతాయి. నాలుగవది, తుఫాను వేళ ఉప్పెన వేగాన్ని తగ్గిస్తాయి.

ఈ నాలుగవ పని విలువ మన ప్రాంతం వారికి వేరొకరు చెప్పవలసిన అవసరం లేదు. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెనలో దివిసీమతో పాటు రేపల్లె, బాపట్ల ప్రాంతాలు కూడా ఘోరంగా దెబ్బతిన్నవి. మృతుల సంఖ్య పదివేలకు తక్కువ కాదు. అటువంటి సమయంలో మడ అడవి మనుష్యులను నిజంగా కాపాడగలదా? కాపాడితే ఎందరిని? దీనికి ఊహతో కాక లెక్కతో సమాధానం చెప్పిన పరిశోధన ఒకటి మన పొరుగున ఒడిశాలో జరిగినది.

1999 అక్టోబరు 29న ఒడిశాను మహాతుఫాను తాకినది. ఢిల్లీలోని ఆర్థికాభివృద్ధి అధ్యయన సంస్థకు చెందిన సౌదామిని దాస్ అనే అర్థశాస్త్రవేత్త కేంద్రపాడా జిల్లాలోని కొన్ని వందల గ్రామాల వివరాలు సేకరించారు. ప్రతి గ్రామంలో మరణించిన వారెందరు, ఆ గ్రామం సముద్రానికి ఎంత దూరం, భూమి ఎంత ఎత్తు, ఇండ్లు ఎటువంటివి, గ్రామానికీ సముద్రానికీ మధ్య మడ అడవి ఎంత వెడల్పు ఉన్నది – ఇవన్నీ పట్టికలుగా కూర్చారు. దక్షిణాసియాలోని కొత్త పరిశోధకులకు తోడ్పడే ఒక అర్థశాస్త్ర సంఘం ఆమెకు సహాయం చేసినది. తరువాత అమెరికా ఆచార్యుడు జెఫ్రీ విన్సెంట్‌తో కలిసి ఆమె 2009లో ఆ ఫలితాలను ప్రకటించారు. వెడల్పైన మడ అడవి అడ్డుగా ఉన్న గ్రామాలలో మరణాలు స్పష్టంగా తక్కువని తేలినది. పూర్వం అడవి ఎంత ఉండేది అన్న సంగతిని కూడా లెక్కలోనికి తీసుకొన్న తరువాతనే ఈ నిర్ణయానికి వచ్చారు. ప్రభుత్వం ముందుగా ఇచ్చిన హెచ్చరిక మడ అడవికంటె ఎక్కువ ప్రాణాలను కాపాడినదని కూడా వారు దాచకుండా వ్రాశారు. అయినప్పటికీ, మడ అడవి చేసే ఇతర ఉపకారాలన్నింటినీ పక్కన పెట్టి, తుఫాను రక్షణ ఒక్కదానినే చూచినా, మిగిలిన అడవిని నిలుపుకోవడమే ఆర్థికంగా లాభమని వారి సిద్ధాంతం.

ఇది సముద్ర అర్థశాస్త్రజ్ఞుని పనికి మేలైన ఉదాహరణ. ‘అడవులను కాపాడండి’ అని ప్రబోధించడం సులభం. ఎంత వెడల్పు అడవికి ఎంత ఫలితమని చూపగలిగినప్పుడే కలెక్టరు కార్యాలయంలో, శాసనసభలో ఆ మాటకు బరువు కలుగుతుంది.

ఇక ఖర్చు

సముద్రపు ఖర్చు రెండు విధాలు. మొదటిది అందరి సొత్తును అందరూ పోటీపడి తీసుకోవడం వలన కలిగేది. దీనిని స్పష్టంగా వివరించినవాడు కెనడా అర్థశాస్త్రజ్ఞుడు స్కాట్ గోర్డన్. 1954లో ఆయన ప్రకటించిన వ్యాసం ఈ శాఖకు పునాదిరాయి. ఆ సిద్ధాంతాన్ని ఒక కల్పిత లెక్కతో అర్థం చేసుకొందాం.

ఒక రేవు నుండి 20 పడవలు వేటకు పోతున్నవని అనుకోండి. ఒక్కొక్క పడవకు రోజుకు 10,000 రూపాయల సరుకు దొరుకుతున్నది. నూనె, మంచు, కూలి కలిసి ఒక్కొక్క పడవకు ఖర్చు 6,000 రూపాయలు. అందరికీ కలిసి మిగిలేది రోజుకు 80,000 రూపాయలు. ఈ లాభం చూచి ఇంకొక 10 పడవలు వచ్చినవి. చేపలు అవే, పంచుకొనేవారు పెరిగినందున ఒక్కొక్క పడవ సరుకు 8,000 రూపాయలకు తగ్గినది. ఇప్పుడు 30 పడవలకు కలిసి మిగిలేది 60,000 మాత్రమే. ఇంకను పడవకు 2,000 మిగులుతున్నది కనుక మరికొందరు వస్తారు. పడవలు 40 అయినప్పుడు ఒక్కొక్కరికి దొరికేది 6,000, ఖర్చు 6,000. రేవు మొత్తానికి మిగులు సున్న. అందరూ తెల్లవారుజామున లేచి కష్టపడుతూనే ఉన్నారు. సముద్రం మాత్రం ఎవరికీ ఏమీ మిగల్చడం లేదు.

ఇందులో ఎవరి తప్పు ఉన్నది? 30 పడవలు ఉన్నప్పుడు 31వ పడవ దించినవానిని చూడండి. అతనికి 7,800 రూపాయల సరుకు దొరికి, 1,800 మిగులుతుంది. అతని దృష్టిలో అది న్యాయమైన సంపాదనే. కాని అతని రాకవలన మిగిలిన 30 పడవలలో ప్రతిదానికీ 200 రూపాయలు తగ్గినవి. అనగా అతను పొందిన 1,800 కోసం ఇతరులు 6,000 పోగొట్టుకొన్నారు. ఆ 6,000 ఎవరి చిట్టాలోనూ నష్టంగా వ్రాయబడదు. గోర్డన్ వివరించిన రహస్యం ఇదే. దురాశ లేకపోయినా, ప్రతివాడు తన లెక్క తాను సక్రమంగా వేసుకొన్నా, అందరి లెక్క తప్పిపోవచ్చును.

1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఇటువంటి ఉమ్మడి ఆస్తులకు వినాశం తప్పదని వ్రాసి ప్రసిద్ధి చెందాడు. ఆ నిరాశ అనవసరమని చూపినవారు ఎలినార్ ఆస్ట్రమ్. పలుదేశాలలోని జాలరుల, రైతుల, పశువుల కాపరుల కట్టుబాట్లను పరిశీలించి, జనం తమలో తాము నియమాలు ఏర్పరచుకొని, తప్పినవారిని మందలించి, ఉమ్మడి ఆస్తిని తరతరాలుగా కాపాడుకొన్న సందర్భాలు అనేకం ఉన్నవని ఆమె నిరూపించారు. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం పొందిన ప్రథమ మహిళ ఆమె. మన పల్లెకారుల గ్రామాలలో పెద్దలు కూర్చొని వేట విషయమై చేసే కట్టుబాట్లను ఈ దృష్టితో చూచినప్పుడు అవి పాతకాలపు ఆచారాలుగా కాక, అర్థశాస్త్ర సాధనాలుగా కనిపిస్తాయి.

ప్రభుత్వ నియమాలు కూడా ఇటువంటివే. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక, మోటారు పడవల వేటను నిషేధిస్తారు. చేపలు గ్రుడ్లు పెట్టే కాలానికి ఇది రక్షణ. కాని ఈ రక్షణ ఖర్చును మొదట భరించేది జాలరి కుటుంబం. ఫలితం తరువాత అందరికీ వస్తుంది. ఆ రెండు నెలల వెలితికి రాష్ట్రప్రభుత్వం 2019 నుండి 10,000 రూపాయలు, 2025లో 20,000 రూపాయల చొప్పున భృతి ఇచ్చినది. దీనిని దానంగా భావించరాదు. అందరి మేలుకోసం వల ఆరవేసుకొని కూర్చున్నవానికి అందరూ చెల్లించవలసిన బాకీ అది. ఆ మొత్తం నిజమైన నష్టానికి సరిపోతున్నదా, పడవ యజమానికీ కూలికీ సమానంగా చేరుతున్నదా, చేపల గంప తలపై పెట్టుకొని ఊరూరా అమ్మే స్త్రీకి ఏమి దక్కుతున్నది – ఇవి యువ పరిశోధకులు తేల్చవలసిన విషయాలు.

ఖర్చులో రెండవ విధం, లాభం ఒకరిదై నష్టం ఇంకొకరిపై పడడం. రొయ్యల చెరువుల చరిత్ర దీనికి నిదర్శనం. 1990 తరువాత మన కోస్తాలో టైగర్ రొయ్య పెంపకం వేగంగా వ్యాపించినది. కొందరికి కొద్దికాలంలో ధనం వచ్చినది. అదే సమయంలో ఉప్పునీటి చెరువుల నుండి ఊట దిగి ప్రక్కనున్న వరిపొలాలు చవిటివారినవనీ, త్రాగునీటి బావులు ఉప్పునైనవనీ, మడ నేలలు చెరువులైనవనీ, సముద్రానికి పోయే దారులు మూసుకొనిపోయినవనీ తూర్పుతీరం అంతటా ఫిర్యాదులు బయలుదేరినవి. తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు చారిత్రాత్మకమైన తీర్పు ఇచ్చినది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ వేసిన లెక్కలను న్యాయస్థానం పరిశీలించి, రొయ్యల అమ్మకంవలన వచ్చే రాబడికంటె పర్యావరణానికీ ప్రజల జీవనానికీ కలిగే నష్టమే అధికమని పేర్కొన్నది. ఒక జమాఖర్చు పట్టిక న్యాయస్థానంలో సాక్ష్యంగా నిలిచిన సందర్భమిది.

అయితే కథ అక్కడ ముగియలేదు. 2005లో పార్లమెంటు తీరప్రాంత జలచరాల పెంపకానికి ప్రత్యేక చట్టం చేసి, అనుమతులకూ నియంత్రణకూ ఒక అధికార సంస్థను నెలకొల్పినది. 2009లో వనామి రొయ్యకు అనుమతి లభించిన తరువాత పెంపకం మరల విజృంభించి, ఆంధ్రప్రదేశ్ రొయ్యల ఉత్పత్తిలో దేశానికే అగ్రస్థానం వహించినది. దానిపై ఆధారపడి జీవించే కుటుంబాలు మన జిల్లాలలో వేలాదిగా ఉన్నవి. వాటి జీవనాన్ని తృణీకరించి మాట్లాడడం న్యాయం కాదు. కాని 1994, 1995 ప్రాంతాలలో తెల్లమచ్చల తెగులు వ్యాపించి చెరువులను ఊడ్చివేసిన సంగతి కూడా మరువరాదు. ఒక చెరువు విడిచిన నీరు కాలువలో కలిసి, ఇంకొక చెరువుకు తోడబడుతుంది. నీటితో పాటు తెగులూ పోతుంది. పొరుగువానిపై పడిన నష్టం తిరిగి తన గట్టునే తాకుతుంది. ఈ కారణంచేత విడిచే నీటిని శుభ్రపరచడం రైతుకు వ్యర్థమైన ఖర్చు కాదు. అందరూ కలిసి కట్టుకొనే భీమా వంటిది.

చివరకు బాకీ

లెక్కలో అన్నిటికంటె చిక్కైనది కాలం. నేటి వంద రూపాయలూ ఏబది సంవత్సరాల తరువాతి వంద రూపాయలూ సమానం కావని అందరికీ తెలుసు. అందుచేత రాబోయే లాభాలను నేటి విలువకు తగ్గించి లెక్కిస్తారు. ఏటా 10 శాతం చొప్పున తగ్గిస్తే, ఏబది ఏండ్ల తరువాత వచ్చే 100 రూపాయల నేటి విలువ సుమారు 85 పైసలు మాత్రమే. 3 శాతం చొప్పున తగ్గిస్తే అదే 100 రూపాయల విలువ సుమారు 23 రూపాయలు. మడ అడవి మేలు దీర్ఘకాలానికి వచ్చేది. చెరువు లాభం వెంటనే వచ్చేది. కనుక ఎంచుకొన్న వడ్డీ రేటు ఒక్కటే అడవిని నిలపనూ వచ్చు, నరకనూ వచ్చు. ఆ అంకె వెనుక ఒక నీతి ప్రశ్న దాగి ఉన్నది. మన మనుమల క్షేమానికి మనం ఇచ్చే విలువ 85 పైసలా, 23 రూపాయలా?

ఈ బాకీలో మన చేతిలో లేని పద్దులు కూడా ఉన్నవి. ఎగువన ఆనకట్టలు, జలాశయాలు కట్టి సేద్యానికి నీరు తెచ్చుకొన్నాము. డెల్టా అన్నపూర్ణ అయినది. కాని నది తెచ్చే ఒండ్రు జలాశయాలలో ఆగిపోవడం వలన సముద్రపు ముఖాన ఉన్న డెల్టాకు కొత్త మట్టి తగ్గినది. ఒకవైపు మట్టి తగ్గడం, మరొకవైపు భూమి వేడెక్కి సముద్రమట్టం పెరగడం – ఈ రెంటి నడుమ చిక్కుకొన్నది మన తీరం. నాగార్జునసాగర్ లాభాలు వ్రాసిన పుస్తకంలో రేపల్లె తీరపు కోతను ఎవరూ వ్రాయలేదు.

ప్రపంచస్థాయిలో బాకీ స్వరూపం వేరు. నైజీరియాలో జన్మించి కెనడాలో ఆచార్యుడైన రషీద్ సుమైలా తన సహచరులతో కలిసి వేసిన లెక్క ప్రకారం 2018లో ప్రపంచదేశాలు చేపలవేటకు ఇచ్చిన రాయితీలు సుమారు 3,540 కోట్ల డాలర్లు. వాటిలో అధికభాగం పడవల శక్తిని పెంచడానికీ, దూర సముద్రాలను ఖాళీ చేయడానికీ ఉపయోగపడుతున్నవి. ప్రపంచ వాణిజ్య సంస్థలో 2022 జూన్‌లో కుదిరిన ఒప్పందం ఇటువంటి రాయితీలను కొంతవరకు అరికట్టడానికి ఉద్దేశించినది. అది 2025 సెప్టెంబరులో అమలులోనికి వచ్చినది. ఆ చర్చలలో మన దేశం ఒక మాట గట్టిగా చెప్పినది. పెద్ద ఓడలతో దూరతీరాలను దోచినవారినీ, చిన్న పడవతో పొట్టపోసుకొనేవానినీ ఒకే త్రాటను కట్టరాదు. పేదదేశాలకు 25 సంవత్సరాల గడువు కావాలని కోరినది. ఈ వాదన న్యాయమైనదే. అయితే ఆ గడువులో మన తీరాన పడవలెన్ని, చేపలెన్ని అన్న నిజమైన లెక్క మనం సిద్ధం చేసుకోకపోతే, ఆ గడువు మనకే కీడుగా పరిణమించవచ్చు.

కొలతల ప్రాముఖ్యానికి ఒక చిన్న ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్ తీరం 974 కిలోమీటర్లని మనమంతా పాఠ్యపుస్తకాలలో చదువుకొన్నాము. ఇటీవల కేంద్రప్రభుత్వం చేయించిన కొత్త కొలతలో అది 1,053 కిలోమీటర్లకు పైగా తేలినది. సముద్రం పెరగలేదు; కొలబద్ద సూక్ష్మమైనది. వంకలూ, పాయలూ పూర్వం లెక్కకు రానివి ఇప్పుడు వచ్చినవి. తీరపు పొడవు విషయంలో జరిగినదే తీరపు సంపద విషయంలోనూ జరగవలసి ఉన్నది.

ఈ పని ఎవరు చేయాలి?

ఈ రంగంలో ప్రవేశించే యువకుడు లేక యువతి చేసే పని ఎట్లుంటుంది? తెల్లవారక మునుపే రేవుకు పోయి, దిగిన సరుకు తూకం, జాతి, ధర వ్రాసుకోవాలి. నూనెకు, మంచుకు, వలకు అయిన ఖర్చు అడగాలి. అప్పు ఎవరి వద్ద తెచ్చారు, ఆ అప్పుకు బదులుగా సరుకు ఎవరికి ఏ ధరకు అమ్మవలసి వస్తున్నది అని ఓపికతో తెలుసుకోవాలి. ఉపగ్రహ చిత్రాలలో మడ అడవి విస్తీర్ణాన్ని ఏటేటా పోల్చాలి. తరువాత గణితశాస్త్రం సహాయంతో ఏది కారణమో, ఏది కేవలం యాదృచ్ఛికమో వేరుచేయాలి. రేవులో నెలల తరబడి తిరిగి తెచ్చిన వివరాలు చివరకు ఒక పట్టికలో నాలుగు వరుసలుగా మిగులుతాయి. పేరు రావడానికి ఏండ్లు పడుతుంది. నిలకడైన ఉద్యోగం వెంటనే దొరకకపోవచ్చు. అయినా ఆ నాలుగు వరుసల ఆధారంగానే ఒక చట్టం మారవచ్చు.

ఈ శాస్త్రానికి హద్దులు కూడా ఉన్నవని విద్యార్థులు గుర్తించాలి. 1977లో పోయిన ప్రాణాలకు ధర కట్టగలవారెవ్వరూ లేరు. సూర్యలంక ఇసుకలో గ్రుడ్లు పెట్టడానికి వచ్చే తాబేలుకు రూపాయలలో విలువ ఎంత? అయినా తాబేళ్లకు తప్పించుకొనే దారి విడువని వలలతో పట్టిన రొయ్యల దిగుమతిని అమెరికా చట్టం నిషేధించినందున, ఆ తాబేలు మన ఎగుమతిదారుల లెక్కలో ప్రవేశించినది. ధర కట్టడమంటే అమ్మకానికి పెట్టడం కాదు. సున్నగా లెక్కించి పోగొట్టుకొనడం కంటె, కనీసపు విలువ వ్రాసి జాగ్రత్తపడడం మేలు.

మడ అడవుల పునరుద్ధరణలో మన రాష్ట్రానికి మంచి అనుభవమే ఉన్నది. ఉప్పు పేరుకొని చెట్లు చచ్చిన నేలలలో చేపముల్లు ఆకారంగా కాలువలు త్రవ్వి, పోటు నీరు లోపలికి వచ్చి పోయేటట్లు చేసి, మొక్కలు నాటే పద్ధతిని అటవీశాఖవారు, స్వామినాథన్ పరిశోధన సంస్థవారు గ్రామస్థుల సహకారంతో గోదావరి, కృష్ణా డెల్టాలలో అమలుపరచారు. ఆ అడవి వలన గ్రామంలో పీతల రాబడి ఎంత పెరిగినది, కోత ఎంత తగ్గినది అన్న లెక్కలు మన ప్రాంతపు విద్యార్థులే తీయగలిగితే ఎంత బాగుండును!

దీనికి కావలసిన అర్హతలు మనకు అందుబాటులో లేనివి కావు. అర్థశాస్త్రం, గణాంకశాస్త్రం, జంతుశాస్త్రం – ఈ మూడింటిలో ఒకదానిని ప్రధానంగా, మిగిలినవాటిని తోడుగా చదివినవారు ఈ మార్గంలో ప్రవేశించవచ్చు. బాపట్లలో 1945 నుండి వ్యవసాయ కళాశాల ఉన్నది. సముద్రపు సమాచారాన్ని జాలరులకు అందించే జాతీయ సంస్థ హైదరాబాదులోనే ఉన్నది. విశాఖపట్నంలో సముద్ర పరిశోధన కేంద్రాలున్నవి. వీటికి మించిన అర్హత ఒకటి మన విద్యార్థులకు పుట్టుకతో వచ్చినది. ఆటుపోట్ల మాటలు, చేపల పేర్లు, రేవులోని పలుకుబడి వారికి తెలుసు. ఎక్కడనుండియో వచ్చిన పండితుడు దుబాసీ సహాయంతో అడిగే ప్రశ్నను వీరు ‘బాబాయ్, ఈ రోజు వేట ఎట్లున్నది?’ అని అడగగలరు. జవాబులోని నిజాయితీ ఆ పిలుపులోనే ఉన్నది.

కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. పెద్ద ప్రయోగశాలలు లేకపోయినా, ఒక పెద్ద రిజిష్టరు కొనడం మన శక్తికి మించినది కాదు. ప్రతివారం తెనాలి, రేపల్లె, బాపట్ల చేపల బజారులలో నాలుగైదు జాతుల ధరలు, నిజాంపట్నం రేవులో వేటకు పోయిన పడవల సంఖ్య, తీరగ్రామాలలో కొన్ని బావుల నీటి ఉప్పదనం – ఇంతమాత్రం విద్యార్థులచేత వ్రాయించి, తెలుగులోనూ ఉర్దూలోనూ భద్రపరచవచ్చు. ఒక సంవత్సరపు లెక్కకు విలువ తక్కువ. పది సంవత్సరాలు విడువకుండా వ్రాస్తే అటువంటి పుస్తకం కోసం విశ్వవిద్యాలయాలవారే మన వద్దకు వస్తారు.

విద్యార్థి మిత్రులారా, మన తాతలు సముద్రాన్ని తరగని నిధి అనుకొన్నారు. ఆనాటి పడవలకు అది నిజమే. నేటి యంత్రాలకు అది నిజం కాదు. తరగనిదానికి లెక్క అవసరం లేదు. తరిగేదానికి లెక్క తప్పదు. ఆ లెక్కను మనవారే వ్రాయాలి. ఇతరులు వ్రాసిన పుస్తకంలో మన జమ తక్కువగా, మన బాకీ ఎక్కువగా కనిపించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.